పసుపు కుంకాలతో పోయిన పాచి

విశాఖపట్నంలో, సముద్రం కనబడకపోయినా దాని చెమట మాత్రం గోడలకి పట్టే ఒక అపార్టుమెంటులో, దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున్నే రెండో అంతస్తు నుంచి ఒక మగగొంతు గావుకేక పెట్టింది.

“పాచి చచ్చిపోయిందీ!”

కింది అంతస్తు బాల్కనీలో పళ్ళు తోముకుంటున్న సన్యాసిరావుకి అది “రాజీ చచ్చిపోయిందీ” అని వినపడింది. తెలుగులో ఇదొక చిక్కు. ఆడమనిషి పోయినా, కరెంటు పోయినా, కాలి చెప్పు పోయినా ‘పోయింది’ అనే అంటాం. కాబట్టి ఆయనకి అనుమానించే అవకాశమే లేకపోయింది. పేరుకి సన్యాసిరావు గానీ నిండు సంసారి, పైగా అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి. చావుకి ముందుండి నడిపించాల్సిన బాధ్యత ఉంది. నోట్లో నురగ నోట్లోనే ఉంచుకుని కిందికి పరుగెత్తి, నిన్న ఆయుధ పూజకి తన స్కూటరు మెడలో వేసిన బంతిపూల దండ విప్పి, దారిలో ఉన్న తలుపులన్నీ బాది, అయిదారుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని పైకెక్కాడు.

తలుపు తీసింది రాజీయే. చేతిలో టీ గ్లాసు.

“ఎవరు పోయారు బాబూ, ఇంత పొద్దున్నే?” అంది.

సన్యాసిరావు దండని వీపు వెనక్కి తిప్పి, “నువ్వేనమ్మా” అన్నాడు.

“నేనా? నాకు ఒక్కరూ చెప్పలేదేటి!”

రాజీ గొంతుకి మైకు అక్కర్లేదు. చేపల రేవులో తెల్లారకుండా పడవల సరుకుని వేలం పాడే మనిషి. ఆవిడ నవ్వితే మెట్ల మీద ఏడుస్తూ వస్తున్న వాళ్ళు కూడా ఏడుపు మధ్యలో ఆపేశారు. అరిచింది తన మొగుడనీ, చచ్చింది తను కాదు, చేపల తొట్టి వడపోత పెట్టెలో ఉండే పాచి అనీ ఆవిడ చెప్పింది. “దానికీ నాకూ పేరులో తప్ప చుట్టరికం లేదు, వెళ్ళి రండి” అని నవ్వేసింది గానీ ఆ మాట అబద్ధమని ఆవిడకి తెలుసు. దానితో ఉన్న చుట్టరికం రక్తసంబంధమే.

వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు. రాజీ భుజం మీదుగా లోపలికి తొంగి చూశారు. నేల మీద ఆవిడ మొగుడు పరదేశి కూర్చుని, మల్లెపువ్వులా తెల్లగా ఉన్న స్పాంజిముక్కని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. అతని వెనక చేపల తొట్టి. తొట్టి పక్కన పసుపు పూసి, నాలుగు వైపులా కుంకుమ బొట్లు పెట్టిన పెట్టె. పెట్టెలోంచి మంచం దాకా సన్నటి గొట్టాలు, ఒకదానిలో ఎర్రటి చార. నీళ్ళ మీద వెల్లకిలా తేలుతున్న గప్పీ చేపలు రెండు.

సన్యాసిరావు ఏమీ అనకుండా దిగిపోయాడు. మాట్లాడే సన్యాసిరావుతో ఎవరికీ ప్రమాదం లేదు. మాట్లాడని సన్యాసిరావే ప్రమాదం.

*

రాజీకి పేరులో రాజీ ఉంది గానీ బేరంలో లేదు. రేవులో ఆవిడ “ఒకటోసారి” అంటే పడవ యజమానికి ధైర్యం, కొనేవాడికి దడ. అటువంటి మనిషికి మూత్రపిండాలు మొరాయించాయి. మూత్రపిండాలు మొండికేస్తే మిగిలేది కాకులకి పెట్టే పిండమేనని ఆవిడే డాక్టరు ముందు జోకు వేసింది. డాక్టరు నవ్వలేదు. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వచ్చి రక్తం శుద్ధి చేయించుకోమన్నాడు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన వేళ తెల్లవారుజాము. రేవులో పడవలు వచ్చే వేళా అదే.

మొగుడు పరదేశి పేరుకే పరదేశి. భీమిలిలో పుట్టి, విశాఖలో చదివి, మత్స్యశాఖ ప్రయోగశాలలో రొయ్యల చెరువుల పాచి మీద పరిశోధన చేస్తూ జీవితమంతా ఈ తీరం మీదే గడిపిన మనిషి. ఓ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన రాజీ మంచం మీద వాలిపోతే అతను ఇంట్లో చేపల తొట్టి వంక చూస్తూ కూర్చున్నాడు.

“చేప తొట్టిలోనే తింటుంది, తొట్టిలోనే విసర్జిస్తుంది. మరి ఆ విషంలో చావదేం?” అన్నాడు.

“నీళ్ళు మారుస్తావు గనక” అంది రాజీ నీరసంగా.

“కాదు. వడపోత స్పాంజిలో గోధుమరంగు జిగురు ఉంటుంది చూడు, పాచి, అది తినేస్తుంది. అమ్మోనియాని తిని, దాన్ని నైట్రేటుగా మార్చేస్తుంది.”

“నైట్ రేటా? పగలు తక్కువకి ఇస్తుందేటి?”

“నీ రక్తంలో పేరుకునేదీ ఆ అమ్మోనియాకి చుట్టమేనే, రాజీ!”

అమ్మోనియా పేరులోనే అమ్మో ఉంది. కానీ పరదేశి భయపడలేదు. ఆసుపత్రిలో రాజీ రక్తాన్ని కడిగి వదిలేసిన ద్రవాన్ని సీసాలతో ఇంటికి తెచ్చి, ఆ పాచికి చుక్కచుక్కగా అలవాటు చేశాడు. చచ్చినది చావగా మిగిలినదాన్ని పెంచాడు. దాని పిల్లల్నీ, పిల్లల పిల్లల్నీ అలాగే పెంచాడు. చివరికి ఒక అరచేతిముక్క స్పాంజిలో రాజీ విషం తప్ప మరో వంట నచ్చని పాచి తయారైంది. ఆసుపత్రిలో పీపాలకొద్దీ పారబోసే ద్రవాన్ని ఇది ఇంట్లోనే తిని, శుభ్రం చేసి, మళ్ళీ వాడుకోమని ఇచ్చేది. రక్తానికీ ఆ ద్రవానికీ మధ్య సన్నటి పొర. శుభ్రపడ్డ ద్రవంలో కొంత చేపల తొట్టి గుండా పోతుంది. గప్పీలు హుషారుగా ఈదుతుంటే అంతా క్షేమమన్నమాట. కాపలాకి కుక్కని పెట్టుకునేవాళ్ళని చూశాం, చేపల్ని పెట్టుకున్నది వీళ్ళే.

పాచి పారితే పాచిక పారినట్టే. రాజీ సాయంత్రాలు ఇంట్లోనే గొట్టాలు పెట్టుకుని టీవీ చూస్తూ రక్తం కడిగించుకునేది, తెల్లారకుండా రేవులో నిలబడి అరిచేది. రంగు వచ్చింది, గొంతు వచ్చింది, నోటిదురుసు అయితే పోయిందెప్పుడు గనక.

అయితే దానికీ ఒక ఖరీదు ఉంది. ఆ ఇంట్లో అందరూ పాచి గంటల ప్రకారం బతకాలి. పెళ్ళిళ్ళకి వెళ్తే పొద్దుగూకే లోపు తిరిగిరావాలి. కరెంటు పోతే ముందు బ్యాటరీ, తర్వాత ఫ్యాను. పరదేశి పొద్దున లేవగానే పెళ్ళాం మొహం చూడడు, పెట్టె మూత తీసి స్పాంజి మొహం చూస్తాడు. ఇలాంటి ప్రయోగానికి అడిగి తెచ్చుకున్న అనుమతి లేదు గనక ఈ సంగతి ఎవరికీ చెప్పడు. ఎవరైనా అడిగితే “అలంకారానికండీ” అంటాడు. సొంత అక్క అడిగితే కూడా “మన ఇంటికి ఇంజను అప్పా, అంతే” అన్నాడు.

ఆ ‘అంతే’ దగ్గరే వచ్చింది తంటా.

*

అక్క నూకాలు పండక్కి భీమిలి నుంచి వచ్చింది. వాళ్ళాయనకి మరపడవ ఉంది. ఇప్పుడు ఆవిడ గుమ్మంలో నిలబడి, తమ్ముడి కన్నీళ్ళు చూసి తనూ కొంగు నోట్లో కుక్కుకుంది.

“నానేటి చేసీసానురా తమ్ముడా! ఆయుధ పూజ కాదేటి? ఇంట్లో మిషన్లన్నీ కడిగి బొట్టెట్టాను. మిక్సీకి పెట్టాను, కుట్టుమిషనుకి పెట్టాను, నీ భూతద్దాల గొట్టానికీ పెట్టాను. ఇంజనన్నావు గదా, దానికి పెట్టకపోతే దోసం కాదేటి?”

“కడిగావా?” పరదేశి గొంతు పీలగా వచ్చింది. “దేంతో?”

“సబ్బెట్టి. కుళాయి కింద. ఎంత మురికిరా బాబూ! ఎన్నాళ్ళయింది దాన్ని కడిగి? తెల్లగా వచ్చీదాకా పిండాను.”

“మరి ఆపిందెవరు?”

“నానే. ఆ రోజు ఇంజను తిప్పకూడదు గదా. మా పడవే తిప్పం. యాడాదంతా పనిచేసిన దానికి ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వవేటిరా?”

పరదేశి స్పాంజిని ఇంకోసారి పిండి చూశాడు. అక్కని అనడానికి ఏముంది? నిన్న పొద్దున అక్క బొట్టు పెట్టిన ఆ మైక్రోస్కోపుకి తనే గంధం పూసి, హారతి ఇచ్చి, “రేపటిదాకా ముట్టుకోకండి” అన్నాడు. కుళాయి నీళ్ళలో వేసే మందు క్రిముల్ని చంపడానికే వేస్తారు. మన కడుపుకి మంచిదే, పాచికి మాత్రం మృత్యువు. ఆ పైన సబ్బు. ఎక్కడైనా ఒకటీ అరా మిగిలినా, నీళ్ళు కదలక, గాలి అందక రాత్రికి ఊపిరాడక పోయి ఉంటాయి. నిన్న సాయంత్రం రాజీకి గొట్టాల వంతు లేదు గనక పెట్టె ఆగిందని ఎవరూ కనిపెట్టలేదు. వడపోత ఆగితే ప్రాణం పోత.

రాజీ తొట్టిలో మిగిలిన చేపల్ని బకెట్టులోకి తోడుతూ ఇదంతా వింది. పరదేశి పరీక్ష చుక్కలు వేసి చూపించిన నీళ్ళు పసుపుపచ్చగా ఉండాల్సింది, ఆకుపచ్చగా తిరిగాయి. అంటే ఈ సాయంత్రానికి గొట్టాలు లేవు. మళ్ళీ ఆసుపత్రి. మళ్ళీ తెల్లవారుజాములు మంచం మీద. రేవులో తన బల్ల మీద ఇంకొకరు నిలబడతారు, నిలబడినవాళ్ళు దిగరు.

ఆ లెక్కంతా ఆవిడకి తెలుసు. నోట్లోంచి మాత్రం మరొకటి వచ్చింది.

“పసుపు కుంకాలతో పోయింది. ముత్తయిదువ చావు. అంత అదృష్టం ఎవరికుంటాది వదినా, ఏడవకు.”

నూకాలు మరింత ఏడ్చింది. రాజీ మొగుడి వైపు తిరిగింది. “మావా, ఒక్క మాట. నన్ను ఆసుపత్రిలో చేర్పించిన రోజున నువ్వు ఇలా ఏడవలేదే?”

“నువ్వు నొప్పిస్తే అరుస్తావు. అది అరవదే” అన్నాడు పరదేశి తల దించుకుని. “రోజూ పొద్దున దాని మొహం ఎందుకు చూస్తాననుకున్నావు? అది బాగుంటే నువ్వు బాగుంటావని. అది తెల్లబోతే…”

ఈసారి రాజీకి జోకు అందలేదు. బకెట్టు పక్కన పెట్టి, అతని ఒళ్ళోంచి స్పాంజిముక్క తీసుకుంది.

నూకాలు ముక్కు చీది, “మొదట పిండిన మడ్డినీళ్ళు కూడా పారబొయ్యలేదురా, చేపలనీళ్ళు మొక్కకి బలమని బాల్కనీలో ఆనపపాదుకి పోశాను” అంది, ఏదో కొంచెం పుణ్యమైనా మిగిలిందేమో చూసుకుంటున్నట్టు.

పరదేశి తల ఎత్తాడు.

“సబ్బు పెట్టకముందా?”

“ముందే. సబ్బునీళ్ళు మొక్కకి పోస్తారేట్రా ఎవరైనా!”

ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళ నుంచి అరంగుళం అరంగుళంగా నడిచే మనిషి బాల్కనీలోకి ఒక్క దూకు దూకాడు. కుండీని కౌగిలించుకున్నాడు. కుండీలో మట్టి తక్కువ, కొబ్బరిపీచు ఎక్కువ. పీచు తడిగా ఉంది. వేలితో రాస్తే గోధుమరంగు జిగురు.

“రాజీ!” అని అరిచాడు. “ఉంది! బతికే ఉంది!”

కింద బాల్కనీలో సన్యాసిరావు పైకి చూశాడు. రాజీ బతికే ఉందని ఆయనకి ముందే తెలుసు. మరి ఇంకా ఏం బతికి ఉందో ఆయనకి అంతుపట్టలేదు.

*

పాచి పెంచడం పసిపిల్లని పెంచడం కన్నా కష్టం. పసిపిల్ల కనీసం ఏడుస్తుంది. పరదేశి ఆ పీచుని వలసంచిలో కట్టి, కాచి చల్లార్చి గాలి పట్టించిన నీళ్ళ బకెట్టులో వేలాడదీశాడు. బుడగల గొట్టం పెట్టాడు. రెండు గప్పీలని వదిలాడు. ఆసుపత్రి నుంచి రాజీ తెచ్చిన ద్రవాన్ని చెంచాతో పోసేవాడు. పక్కన కొత్త స్పాంజి ఉంచాడు, పాచి దాని మీదికి పాకాలని. నీళ్ళలో చుక్కలు వేస్తే కొన్నాళ్ళు ముదురాకుపచ్చ, కొన్నాళ్ళకి లేతాకుపచ్చ.

రాజీ వారానికి మూడు తెల్లవారుజాములు ఆసుపత్రిలో పడుకుంది. రేవులో ఆ మూడు రోజులూ పెంటయ్య అనే కుర్రగొంతువాడు ఆవిడ బల్ల ఎక్కాడు. మొదటి వారం పడవలవాళ్ళు “నువ్వెప్పుడొస్తావమ్మా” అన్నారు. తర్వాత వారం “నిదానంగా రావమ్మా” అన్నారు. రెంటికీ ఉన్న తేడా వేలం పాడే మనిషికి తెలియకుండా పోదు.

ఆ పరిస్థితిలో సంఘం నుంచి కబురు వచ్చింది. ఆదివారం సాయంత్రం కింద పార్కింగులో సమావేశం. విషయం: రెండో అంతస్తులో క్షుద్రం.

సన్యాసిరావు మౌనం పండిందన్నమాట. పసుపు, కుంకుమ, రక్తం గొట్టాలు, చచ్చిన చేపలు, కౌగిలించుకున్న కుండీ. అన్నీ కలిపి చిల్లంగి అని తేల్చాడు. అందుకు సాక్ష్యం కూడా ఉంది. ఆయన హాల్లో వాస్తు కోసం పెట్టుకున్న పెద్ద తొట్టిలో ఎన్నిసార్లు చేపలు వేసినా చచ్చిపోతున్నాయి. పైన రక్తం తాగే పెట్టె ఉంటే కింద చేపలు బతుకుతాయా? పెట్టె బయటికి పోవాలి, లేదా మనుషులు పోవాలి.

“చెప్పేద్దాం” అంది రాజీ.

“చెబితే నా ఉద్యోగం? అనుమతి లేకుండా నీ మీద ప్రయోగం చేశానని…”

“చెప్పకపోబట్టే కదా వదిన కడిగింది. ఒక్క పడవని ఒక్క తాడుకి కట్టీసి, ఆ తాడు ఎక్కడుందో ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నావు మావా. గాలొస్తే ఏటవుతాది?” ఆవిడ బకెట్టు వంక చూసింది. “ఆ స్పాంజిని ముక్కలు కొయ్యి.”

పరదేశి తెల్లబోయాడు. “ఇప్పుడా? ఇంకొన్నాళ్ళు కదపకుండా ఉంచితే నీకు సరిపోతుంది. ఇప్పుడు ముక్కలు చేస్తే మళ్ళీ వెనక్కి పోతాం. నువ్వు ఇంకా ఎన్ని వారాలు ఆసుపత్రికి…”

“పోతాను.”

“పెంటయ్య?”

బల్ల మీద నిలబడితే కాళ్ళ కింద తగిలే మంచుగడ్డల చెమ్మ, చేపల పొలుసు, గాలిలో డీజిలు వాసన, రాజీకి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

“వాడి గొంతు వాడిది, నా గొంతు నాది” అంది. “నేను తిరిగెళ్ళేసరికి బల్ల పోతే పక్కన పీపా ఎక్కుతాను. కానీ తిరిగెళ్ళాలంటే ఇంకెప్పుడూ ఒక్క ఇంట్లో ఒక్క ముక్కే ఉండకూడదు. కొయ్యి.”

*

పార్కింగులో కుర్చీలు వేశారు. సన్యాసిరావు తెల్ల పంచె కట్టుకుని లేచి, క్షుద్రం గురించి కొంచెం, ఇన్నాళ్ళూ తను పాటించిన మౌనం గురించి చాలాసేపు మాట్లాడాడు. అప్పుడు మెట్లు దిగుతూ వచ్చారు ముగ్గురు. రాజీ, పళ్ళెంలో తడి స్పాంజిముక్కలు పట్టుకున్న పరదేశి, నీళ్ళ బకెట్టు మోస్తున్న నూకాలు. ఆడవాళ్ళు ఓ వరస వెనక్కి జరిగారు.

రాజీ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కింది.

“అయ్యలారా, అమ్మలారా! ఆ గొట్టాల్లో ఉన్న రక్తం నాదే. ఆ పెట్టె ఎవరిదీ తాగలేదు, అది నా రక్తం కడిగే మిషను. నా కిడ్నీలు పోయాయి. ఈ జిగురుముక్క నాకు కిడ్నీ. పసుపు కుంకం మా వదిన ఆయుధ పూజకి పెట్టింది, మీ స్కూటర్లకి పెట్టుకోలేదేటి మీరు? మా తప్పేటంటే, ఇది ప్రాణం ఉన్నదని ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే మిషనే అనుకుని కడిగీసింది, ఆపీసింది. పోయింది. ఇదే చిల్లంగి.”

“మరి నా చేపలు?” అన్నాడు సన్యాసిరావు, పట్టు వదలకుండా.

“మీ తొట్టి వడపోత ఎప్పుడు కడుగుతారు బాబూ?”

“ప్రతి శుక్రవారం! వాస్తు కదా, తళతళలాడాలి. కుళాయి కింద పెట్టి నేనే స్వయంగా బ్రష్షుతో…” అని గర్వంగా మొదలుపెట్టి, నూకాలు మొహం చూసి ఆగాడు. నూకాలు తల అడ్డంగా ఊపుతోంది. ఆ బాధ తెలిసిన మనిషి ఊపే ఊపు అది.

“ఏ శుక్రవారం కడుగుతారో ఆ శనివారం చేపలు పోతున్నాయా?” అడిగాడు పరదేశి.

సన్యాసిరావు వేళ్ళు మడిచాడు. ఆయన వెనకే ఉన్న ఆయన భార్య, “శనివారమేనండీ, శనిదోషమని శాంతి కూడా చేయించాం” అంది.

నవ్వు ముందు వరసలో మొదలై చివరిదాకా పాకింది. రాజీ నవ్వలేదు. ఇప్పుడు ఆవిడ రేవులో ఉంది.

“పాట మొదలవుతోంది! సరుకు ఇదిగో, అరంగుళం ముక్క. తొట్టి ఉన్నవాళ్ళకే. డబ్బు చెల్లదు, మాట చెల్లుతుంది. నెలకోసారి పిండాలి, తొట్టిలో తీసిన పాత నీళ్ళలోనే పిండాలి. ఎవరు?”

“నెలకోసారి, తొట్టి నీళ్ళలోనే!” అంది మూడో అంతస్తు టీచరమ్మ.

“చాలదు! పైపాట?”

“తెల్లగా రానివ్వను, గోధుమరంగు ఉండగానే ఆపేస్తాను!” అన్నాడు ఎదురింటి బ్యాంకు మేనేజరు.

“ఇంకా?”

“కరెంటు పోతే బ్యాటరీ పెడతాను!” “చేపలు ఎక్కువ వెయ్యను!” “తిండి గుప్పెళ్ళతో పొయ్యను!”

“రోజుకో చెంచా నా ద్రవం కూడా పొయ్యాలి, లేకపోతే నన్ను మర్చిపోతాది” అంది రాజీ.

“మీ ఒంట్లోంచి వచ్చింది మా చేపలకా?” అన్నాడు మేనేజరు, ముక్కు దగ్గరికి రుమాలు తెచ్చుకుంటూ.

“మీ గులాబీలకి వేసే యూరియా ఏటి బాబూ, పన్నీరా?”

రుమాలు జేబులోకి వెళ్ళిపోయింది. ముక్కలు ఒక్కొక్కటే పళ్ళెం దాటాయి. ఒక్కో ముక్క వెళ్తుంటే పరదేశి మిగిలినవి లెక్కపెట్టేవాడు, రాజీ గొంతు పెంచేది. చివరిదొకటి మిగిలింది.

“ఒకటోసారి!” రాజీ సన్యాసిరావు కళ్ళలోకి చూసింది. “రెండోసారి!”

సన్యాసిరావు మెల్లగా లేచాడు. “శుక్రవారం ముట్టుకోను” అన్నాడు. “బ్రష్షు పారేస్తాను.”

“మూడోసారి!”

తడి స్పాంజిముక్క ఆయన అరచేతిలో పడింది. జిగురుగా, గోధుమరంగుగా, చెరువు వాసనతో. దానిలోంచి కారిన నీళ్ళు తెల్లటి పంచె మీద మరక కట్టాయి. ఆయన దాన్ని చూశాడు, పంచెని చూశాడు, ముక్కు చిట్లించాడు. జీవితకాలపు అలవాటు కాళ్ళలోకి దిగింది. నాలుగడుగులు వేసి పార్కింగు మూలన ఉన్న కుళాయి మీద చెయ్యి వేశాడు.

“ఒద్దూ!” అని అరిచింది అపార్టుమెంటు మొత్తం.